చేతి వణుకుకు కండరాల మీద ఈఎంజీ ఎందుకు తీస్తారు?

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగిన ప్రశ్నను నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా చెప్పుకొని మొదలుపెడతాను. మీ నాన్నగారికి 61 ఏళ్ళు, బంగారు పని చేస్తారు. మూడేళ్ళుగా కుడి చెయ్యి వణుకుతోంది. టంకం వేసేటప్పుడు పట్టకారు నిలవడం లేదు. టీవీ ముందు ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి బొటనవేలు ఆడుతోంది. ఒక డాక్టరుగారు పార్కిన్సన్స్ (వణుకుతో పాటు కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) అని లెవోడోపా రాశారు, ఇంకొకరు అది కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ (ముఖ్యంగా చేతితో పని చేస్తున్నప్పుడు వచ్చే వణుకు జబ్బు) అని ప్రొప్రనొలాల్ రాశారు. ఎమ్మారైలో ఏమీ లేదు, కడపలో చేయించిన ‘నరాల కరెంటు పరీక్ష’లోనూ ఏమీ లేదు. ఇప్పుడు మూడో డాక్టరుగారు బెంగళూరు వెళ్ళి కండరాల ఈఎంజీతో, అంటే కండరంలో పుట్టే విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్షతో, వణుకును కొలిపించుకోమన్నారు. జబ్బు మెదడులో ఉంటే చేతికి తీగలు అంటించడం దేనికి, ఒకసారి నార్మల్ వచ్చిన పరీక్షనే మళ్ళీ ఎందుకు చేయించాలి అన్నవి మీ రెండు సందేహాలు.

నేను డాక్టరును కాను. ఈఎంజీ గదిలో టెక్నీషియనుగా 27 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకొని కర్నూలులో ఉంటున్నవాడిని. కనుక మందు మార్చమనో మానమనో నేను చెప్పకూడదు, చెప్పను. పరీక్ష గురించి మాత్రం వివరంగా చెప్పగలను.

మీ రెండో సందేహాన్నే ముందు తీసుకుంటాను, ఎందుకంటే దాని దగ్గరే చాలా కుటుంబాలు డబ్బూ సమయమూ పోగొట్టుకోవడం చూశాను. రెండు పరీక్షలకూ వాడే యంత్రం ఇంచుమించు ఒకటే, పేరు కూడా ఒకటే, రెండింటినీ ఈఎంజీ అనే అంటారు, కానీ అడిగే ప్రశ్న వేరు. కడపలో మీరు చేయించిన దానిలో నరం మీద చిన్న షాకు ఇచ్చి ఆ సంకేతం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. ఆరోగ్యవంతుల చేతి నరాల్లో అది సుమారు సెకనుకు 50 నుంచి 65 మీటర్లు ఉంటుంది. అవసరమైతే సన్నని సూది గుచ్చి కండరం చెడిందా, నరం తెగిందా అని కూడా పరిశీలిస్తారు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు, మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకున్నప్పుడు, కండరాల జబ్బుల్లో ఆ పరీక్ష అవసరం. పార్కిన్సన్స్‌లో గానీ ఎసెన్షియల్ ట్రెమర్‌లో గానీ చేతి నరమూ కండరమూ చెడవు, కాబట్టి అది నార్మల్ రావడమే సహజం. బోరు మోటారు ఒకసారి లేస్తూ ఒకసారి పడుతూ ఆడుతుంటే, వైరూ మోటారూ బాగున్నాయని తేలినంత మాత్రాన పైనుంచి వచ్చే కరెంటు సరిగ్గా ఉందని చెప్పలేం కదా, ఇదీ అంతే. వైరును పరీక్షించడం ఒకటి, ఆ వైరులో వస్తున్న కరెంటు హెచ్చుతగ్గులను కాసేపు కూర్చొని రాసుకోవడం ఇంకొకటి. మూడో డాక్టరుగారు అడిగినది రెండోది. అందులో షాకులు ఉండవు, మామూలుగా సూదులూ ఉండవు.

ఇక మెదడు జబ్బుకు చెయ్యి ఎందుకు అన్న ప్రశ్న. ఇంగ్లండుకు చెందిన శరీరశాస్త్రవేత్త చార్ల్స్ షెరింగ్టన్ 1906లో వెన్నుపాములోని చాలక నాడీకణాలను ‘చివరి ఉమ్మడి దారి’ అన్నాడు. మెదడు పై పొర నుంచి వచ్చే ఆజ్ఞ, చిన్న మెదడు చేసే సవరణ, మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా విధించే అదుపు, వెన్నుపాము సొంత ప్రతిచర్యలు, ఇవన్నీ చివరికి ఆ కణాల గుండానే కండరానికి చేరాలి, వేరే దారి లేదు. ఆ కణం ఒక్కసారి స్పందిస్తే దాని కింద ఉన్న కండర పోగులన్నీ ఒక్కసారి స్పందిస్తాయి. అంటే కండరం మెదడు సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపే యంత్రంలా పనిచేస్తుంది. తల మీద తీసే ఈఈజీలో సంకేతం పుర్రె దాటి వచ్చేసరికి వోల్టులో లక్షో వంతుకు అటూ ఇటూగా మిగులుతుంది, పక్క ప్రాంతాల సంకేతాలతో కలిసి మసకబారుతుంది కూడా. చర్మం మీద తీసే ఈఎంజీలో అదే సంకేతం వోల్టులో వెయ్యో వంతు దాకా వస్తుంది. ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపుతుంది గానీ అది పంపే ఆజ్ఞల లయను చూపదు. ఈ రెండు జబ్బుల్లోనూ మామూలు ఎమ్మారై తరచుగా బాగానే ఉంటుంది కనుక అందులో ఏమీ కనిపించకపోవడం దేన్నీ తేల్చినట్టు కాదు.

పరీక్ష జరిగే తీరు ఇలా ఉంటుంది. మణికట్టును పైకి ఎత్తే కండరం మీద ఒక జత, కిందికి వంచే కండరం మీద ఒక జత, అవసరమైతే మోచేతి పైన రెండు వైపులా మరో రెండు జతలు బిళ్ళలు అంటిస్తారు. చేతి వెనుక భాగాన కదలికను కొలిచే చిన్న యాక్సిలరోమీటరు పెడతారు. బిళ్ళలు అంటించే ముందు చర్మాన్ని స్పిరిటుతో బాగా రుద్దాలి. మన ప్రాంతంలో ఎండాకాలం చర్మం ఎంత పొడిబారుతుందో మీకు తెలియనిది కాదు. సరిగ్గా రుద్దకపోతే కండరం సంకేతానికి బదులు గోడలోని కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) అల రికార్డు నిండా పరుచుకుంటుంది. ఆ అలను చూసి కంగారుపడి కూలరు, ఫ్యాను, ట్యూబులైటు ఒక్కొక్కటీ ఆపుతూ 45 డిగ్రీల ఎండలో పనిచేసిన మధ్యాహ్నాలు నాకు చాలా ఉన్నాయి.

వచ్చిన సంకేతాన్ని సెకనుకు వెయ్యి సార్లో అంతకంటే ఎక్కువగానో నమోదు చేస్తారు. ముడి సంకేతంలో గీత పైకీ కిందికీ గజిబిజిగా ఉంటుంది, వణుకు లయ అందులో నేరుగా దొరకదు. కింద ఉన్న భాగాన్ని కూడా పైకి తిప్పి నునుపు చేస్తే అప్పుడు గుట్టలు గుట్టలుగా, మధ్యలో ఖాళీలతో, ఒక వరస కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని గుట్టలు, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీ సెకన్లు, ఎత్తే కండరమూ వంచే కండరమూ ఒకేసారి లేస్తున్నాయా, వంతులవారీగా లేస్తున్నాయా అన్నవి ఇక లెక్కపెట్టుకోవడమే.

పార్కిన్సన్స్‌లో చెయ్యి ఊరికే ఆనించి ఉన్నప్పుడు వచ్చే వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, ఎదురెదురు కండరాలు ఎక్కువగా వంతులవారీగా లేస్తాయి, చెయ్యి కదిలించగానే తగ్గుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ సెకనుకు 4 నుంచి 12 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, చెయ్యి చాచినప్పుడూ పని చేస్తున్నప్పుడూ వస్తుంది, వయసు పెరిగే కొద్దీ దాని వేగం తగ్గుతుంది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే ఒక చిక్కు తెలుస్తుంది: 61 ఏళ్ళ మనిషికి సెకనుకు 5 సార్లు వచ్చే వణుకు రెండింటిలో ఏదైనా కావచ్చు. అందుకే ఒక్క హెర్ట్జ్ అంకెను చూసి జబ్బు పేరు రాసిచ్చే రిపోర్టును నేను నమ్మను. ఏ స్థితిలో, ఎంతసేపటికి, ఏ కండరంతో కలిసి వచ్చింది అన్నవి కూడా రాసి ఉండాలి.

మీ నాన్నగారి విషయంలో అసలు తేల్చవలసినది కూడా అదే. ఆయనకు ఊరికే కూర్చున్నప్పుడూ వస్తోంది, పట్టకారు పట్టినప్పుడూ వస్తోంది. ఒక డాక్టరుగారికి మొదటిది ముఖ్యంగా తోచి ఉంటుంది, ఇంకొకరికి రెండోది, కనుక ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. అయితే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో చాలామందికి చెయ్యి చాచి ఒకే భంగిమలో నిలిపినప్పుడు వణుకు మొదట ఆగిపోయి, కొన్ని సెకన్ల తర్వాత మళ్ళీ అదే వేగంతో లేస్తుంది. నరాల వైద్యుడు జోసెఫ్ జాంకొవిక్, ఆయన సహచరులు 1999లో దీన్ని ‘మళ్ళీ తలెత్తే వణుకు’ అని వర్ణించారు. ఎసెన్షియల్ ట్రెమర్‌లో చెయ్యి చాచగానే, దాదాపు ఆలస్యం లేకుండా వణుకు వస్తుంది. కంటికి రెండూ ‘చెయ్యి చాచితే వణుకు’గానే కనిపిస్తాయి. ఈఎంజీ రికార్డులో మాత్రం చెయ్యి నిలిపిన క్షణం దగ్గర గీత గీసి, ఎన్ని సెకన్ల నిశ్శబ్దం తర్వాత మొదటి గుట్ట లేచిందో కొలిచి చూపవచ్చు. పట్టకారు పట్టగానే వణుకుతుందా, పట్టిన కాసేపటికి వణుకుతుందా అని మీరు ఇంట్లోనే గమనించి ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, పరీక్ష చేసేవారికి అది చాలా ఉపయోగపడుతుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, నేను అప్పట్లో పనిచేసిన చోటికి ఒక ముసలమ్మను తీసుకొచ్చారు. కదలొద్దని నేను కాస్త గట్టిగానే చెప్పాను. ఆమె భయపడి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఊపిరి కూడా బిగపట్టి కూర్చుంది. నిమిషం పాటు రికార్డు తీసి ‘విశ్రాంతిలో వణుకు లేదు’ అని రాసేశాను. తీగలు విప్పుతూ మాటవరసకు ఏ ఊరమ్మా అని అడిగితే, ఊరి సంగతి, మనవళ్ళ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటల్లో పడగానే బొటనవేలూ చూపుడువేలూ మాత్ర చుట్టుతున్నట్టు ఆడసాగాయి. మళ్ళీ అన్నీ అంటించి తీస్తే సెకనుకు 5 గుట్టలు, గడియారం లాగా. మనసు వేరే పనిలో ఉన్నప్పుడు పార్కిన్సన్స్ విశ్రాంతి వణుకు బయటపడుతుందని పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా ఆ రోజు దాన్ని వాడలేదు. మామూలుగా 100 నుంచి ఏడేసి తీసివేస్తూ లెక్క చెప్పమంటారు. బడికి పోనివాళ్ళకు అది కుదరదు కనుక, ఆ తర్వాత నేను కడప నుంచి కర్నూలుకు వచ్చే దారిలోని ఊళ్ళ పేర్లు వెనక్కి చెప్పమనేవాడిని: నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు. ఏడేసి తీసివేత కంటే అదే బాగా పనిచేసింది.

తర్వాత చేతికి అర కిలోనో కిలోనో బరువు కట్టి మళ్ళీ తీస్తారు. అందరికీ ఉండే సన్నని సహజమైన వణుకు, భయపడినప్పుడో కాఫీ ఎక్కువ తాగినప్పుడో థైరాయిడ్ ఎక్కువైనప్పుడో పెరిగే వణుకు, చాలావరకు చెయ్యి అనే లోలకం ఊగడం లాంటిది. బరువు కడితే దాని వేగం తగ్గుతుంది. మెదడులోని నాడీకణాల వలయం నడిపే వణుకైతే బరువు కట్టినా కండరంలోని గుట్టల వేగం దాదాపు మారదు. రెండు చేతులనూ ఒకేసారి రికార్డు చేసినప్పుడు తెలిసే ఇంకో సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. పార్కిన్సన్స్‌లోనూ ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ రెండు చేతులూ ఇంచుమించు ఒకే వేగంతో వణుకుతున్నా, అడుగు కలపవు. ఒక్కో చేతిని మెదడులో ఒక్కో వలయం విడిగా నడుపుతున్నట్టు రెండు లయలూ నెమ్మదిగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి.

వణుకు ఒక్కటే కాదు, చెయ్యి మందగించడం కూడా రికార్డులో కనిపిస్తుంది, బంగారు పనివారికి ఇది త్వరగా అర్థమవుతుంది. మోచేతిని చటుక్కున వంచాలంటే ముందు వంచే కండరం ఒక్కసారి గట్టిగా లేస్తుంది, తర్వాత ఎదురు కండరం బ్రేకు వేస్తుంది, ఆ తర్వాత మొదటిది మళ్ళీ కొద్దిగా లేచి చేతిని నిలబెడుతుంది. నరాల వైద్యులు మార్క్ హాలెట్, శహ్రామ్ ఖోష్బిన్ 1980లో పార్కిన్సన్స్ రోగులపై ప్రచురించిన పనిలో, ఈ వరస చెడకుండానే ఉంటుందనీ, మొదటి లేపులో ఉండవలసినంత బలం లేకపోవడం వల్ల అదే వరస పలుమార్లు తిరిగి రావలసి వస్తుందనీ చూపారు. సుత్తితో ఒక్క దెబ్బలో సాగవలసిన రేకును పది చిన్న దెబ్బలతో సాగదీసినట్టు అన్నమాట. మీ నాన్నగారి చెయ్యి వణకడంతో పాటు నెమ్మదించిందా అన్నది డాక్టరుగారు తప్పక చూస్తారు, ఎందుకంటే ఈ మందగింపు లేకుండా పార్కిన్సన్స్ అని నిర్ధారించరు.

మీరు అడగని మూడో అవకాశం కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. దశాబ్దాల పాటు ఒకే సన్నని పనిని వేళ్ళతో చేసినవాళ్ళకు, రాతగాళ్ళు, దర్జీలు, వాద్యగాళ్ళు, కంసాలులు, ఒక్క ఆ పనిలోనే చెయ్యి బిగుసుకొని వణికే డిస్టోనియా రావచ్చు. పట్టకారు పట్టినప్పుడు బొటనవేలు అనవసరంగా లోపలికి మడుస్తోందా, మణికట్టు ఒక పక్కకు తిరుగుతోందా, అదే చేత్తో గ్లాసు పట్టుకుంటే మాత్రం బాగుంటోందా చూడండి. డిస్టోనియాలో వంచే కండరమూ ఎత్తే కండరమూ ఒకదానికొకటి దారి ఇవ్వకుండా కలిసి బిగుసుకుంటాయి, పనితో సంబంధం లేని పక్క కండరాలు కూడా లేస్తాయి, గుట్టలు ఎగుడుదిగుడుగా, పొడవుగా ఉంటాయి. పార్కిన్సన్స్ అనుకొని ఏళ్ళ తరబడి చూసిన కొందరికి డోపమిన్ స్కాన్ (పార్కిన్సన్స్‌లో దెబ్బతినే మెదడు నాడులను చూపే స్కాన్) బాగుందని తేలి, చివరికి అది డిస్టోనియా వణుకు అని బయటపడిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అదే అయితే వైద్యం పూర్తిగా మారిపోతుంది: ఏ కండరం అనవసరంగా లేస్తోందో ఈఎంజీ శబ్దం వింటూ వెతికి, దానిలోకే, కండరం బిగువును సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

ఈ పరీక్ష లేకుండా తేలనే తేలని వణుకు ఒకటుంది. కొందరు పొలం గట్టు మీద మైళ్ళు నడుస్తారు గానీ రేషను షాపు వరసలో రెండు నిమిషాలు నిలబడలేరు. కాళ్ళు వణుకుతున్నాయంటారు, చూసేవారికి ఏమీ కనపడదు, మనసు జబ్బు అని పంపేస్తారు. నిలబెట్టి కాలి కండరాల మీద ఈఎంజీ తీస్తే సెకనుకు 13 నుంచి 18 గుట్టలు, ఇందాక చేతుల గురించి చెప్పిన దానికి భిన్నంగా రెండు కాళ్ళూ ఒక్క అడుగు తేడా లేకుండా, వరసగా వస్తాయి. అంత వేగం కంటికి ఆనదు. ఆర్థోస్టాటిక్ ట్రెమర్ అనే ఈ జబ్బును ఆ ఒక్క రికార్డే తేలుస్తుంది.

అలాగే కండరాల్లో గానీ మెదడు నిర్మాణంలో గానీ లోపం లేకుండా, మెదడు పనితీరులో తేడా వల్ల వచ్చే ఫంక్షనల్ వణుకును కూడా పట్టుకోవచ్చు. ఒక చేత్తో చెప్పిన తాళానికి తట్టమంటే, వణికే రెండో చెయ్యి తన లయ వదిలేసి ఆ తాళంలోకి వచ్చేస్తుంది. ఆ ఫలితం చూసి ‘నటిస్తున్నాడు’ అనే బంధువులను ఈఎంజీ గది బయట చాలామందిని చూశాను. అది నటన కాదు. ఎవరికైనా అలా తేలితే దానికి వేరే చికిత్స ఉందనే దాని అర్థం.

ఇన్ని చెప్పాక ఈ పరీక్ష హద్దులు కూడా చెప్పాలి. చర్మం మీది బిళ్ళ పక్క కండరం సంకేతాన్ని కూడా పట్టేస్తుంది, లోతు కండరాలను సరిగ్గా పట్టదు. వంతులవారీగా లేవడం, కలిసి లేవడం అన్న తేడా కూడా అందరిలో ఒకేలా ఉండదు. ఎసెన్షియల్ ట్రెమర్‌లో రెండు రకాలూ కనిపిస్తాయి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు ఆయన దగ్గర ఏ యంత్రమూ లేదు, నేటికీ ఆ నిర్ధారణ ప్రధానంగా డాక్టరు కళ్ళూ చేతులూ చేసేదే. ఈఎంజీ అక్కడ మిగిలిపోయిన సందేహాన్ని తీర్చే సాక్ష్యం మాత్రమే. మీ విషయంలో ఇద్దరు అనుభవజ్ఞులు రెండు మాటలు చెప్పారు, రెండింటికీ మందులు వేరు. అందువల్ల ఈ పరీక్షకు వెళ్ళడం వృథా కాదనే నా అభిప్రాయం.

ప్రయాణం పెట్టుకునే ముందు మాత్రం నాన్నగారు వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారికి చూపండి. కళ్ళు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సిన్నరిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునరిజిన్, కడుపు ఉబ్బరానికి గ్యాస్ మాత్రతో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ఇవి అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించగలవు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వేరే రకం వణుకు తెస్తాయి. థైరాయిడ్ పరీక్ష చేయించి ఉండకపోతే అది కూడా చేయించండి. ఈ రెండూ ప్రొద్దుటూరులోనే అయిపోతాయి, ఖర్చూ తక్కువే.

ఆ తర్వాత, కడప వైపు నుంచి బెంగళూరుకు వెళ్ళినా, హైదరాబాదుకు వెళ్ళినా, ముందు ఫోను చేసి ‘సర్ఫేస్ ఈఎంజీతో ట్రెమర్ అనాలిసిస్ చేస్తారా, ఎన్ని ఛానళ్ళు, యాక్సిలరోమీటరు ఉందా’ అని ఆ మాటలతోనే అడగండి. ఈఎంజీ ఉందా అని మాత్రమే అడిగితే అందరూ ఉందంటారు, అక్కడికి వెళ్ళాక మళ్ళీ నరాల పరీక్షే చేసి పంపే ప్రమాదం ఉంది. ఆ రోజు ఉదయం మందులు వేసుకొని రావాలా, మానుకొని రావాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. లెవోడోపా గానీ ప్రొప్రనొలాల్ గానీ సొంతంగా ఉన్నట్టుండి ఆపకూడదు. కాఫీ, టీ ఆ పూట వద్దు. పొట్టి చేతుల చొక్కా వేసుకొని రమ్మనండి, చేతులకు నూనె రాయొద్దు. నాన్నగారు రోజూ వాడే పట్టకారునూ ఊదుగొట్టాన్నీ కూడా వెంట తీసుకెళ్ళండి. వట్టి చెయ్యి చాపించి తీసిన రికార్డులో దొరకనిది, ఆయన తన పట్టకారు పట్టి ఒక రవ్వంత తీగను ఎత్తబోయినప్పుడు దొరకవచ్చు, అది అక్కడి బల్ల మీద ఉండదు.